ఊపిరితిత్తుల నాడించు నరము



గ్రామములలోని పెద్దలలో కమ్మరికొలిమి నెఱుగనివా రుండరు. కొలిమి ప్రక్కన తోలుతిత్తి యుండును. ఒకడు దాని త్రాటిని లాగుచు విడుచుచు నుండగా తిత్తి గాలిని పీల్చి విడుచును, నిప్పు మండును. త్రాడు లాగువాడు చేయి విడిచినచో తిత్తి యెంత గట్టిదైనను కదలక పడియుండును. కొంతసేపటికి నిప్పు చల్లారును. మన పూర్వులు ఱొమ్ములోని శ్వాసాంగములకు ఊపిరితిత్తు లని పేరిడుట మిక్కిలి యుచితముగా నున్నది. అవియును తిత్తులే. తమంతట తా మాడజాలవు. వాని నాడించు చేయి వేఱు. ఆ చేతికి ఆజ్ఞ నందించు త్రాడు వేఱు. ఆ త్రాటిని గుఱించియే నేటి ప్రసంగము. ఇది వైద్యులకు మాత్రమే చెందిన విషయమని తలంపవలదు. చెట్టుమీదినుండి పడినవానిని, పాము కఱచినవానిని మొదట చూచువారు ఊరివారే గాని వైద్యులు కారు. ఆ మొదటి గడియలో ఏమి చేయవలెనో, ఏమి చేయరాదో తెలియుటకు ఈ జ్ఞానము కొంత యక్కఱకు వచ్చును.

ముందుగా తిత్తి నాడించు చేతిని గుఱించి చెప్పెదను. ఱొమ్మునకును కడుపునకును నడుమ, ప్రక్కటెముకల క్రింది యంచులను పట్టుకొని, బోర్లించిన మూకుడు వలె ఒక పలుచని కండ అడ్డముగా పఱచియున్నది. శాస్త్రగ్రంథములలో దీనిని ఉదరవితాన మందురు. వితాన మనగా మేలుకట్టు. కడుపునకు పైన కట్టిన మేలుకట్టు వంటి దగుటచే ఆ పేరు చెల్లినది. దానిపైన గుండెయు ఊపిరితిత్తులును, క్రింద కుడివైపున కాలేయమును, ఎడమవైపున జీర్ణకోశమును ప్లీహమును ఉన్నవి. ఈ కండ బిగిసినపుడు మూకుడు చదునై క్రిందికి దిగును. ఱొమ్ములో చోటు పెరుగును. బయటి గాలి ముక్కు ద్వారమున లోనికి వచ్చును. కండ సడలినపుడు మూకుడు మరల పైకి లేచును. గాలి వెలుపలికి పోవును. ప్రక్కటెముకల నడుమ నున్న చిన్నకండలు దీనికి తోడ్పడును గాని, నెమ్మదిగా కూర్చున్నవాడు పీల్చు గాలిలో సుమారు మూడింట రెండు పాళ్ళు ఉదరవితానము యొక్క పనియే. నిద్రించు పసిబిడ్డను చూడుడు. ఱొమ్ముకంటె పొట్ట యెక్కువగా ఎగసి పడుచుండును. అది ఈ కండ యొక్క చలనమే.

మన యోగశాస్త్రములలో మనుష్యుడు ఒక యహోరాత్రమున 21,600 మార్లు శ్వాసించునని చెప్పుదురు. దీనినే అజపాజప సంఖ్యగా పెద్దలు లెక్కింతురు. నేటి వైద్యులు నిమిషమునకు 12 మొదలు 20 వఱకు శ్వాసలు ఆరోగ్యవంతునకు సహజమందురు. నిమిషమునకు 15 చొప్పున లెక్కించినచో దినమునకు సరిగా 21,600 అగును. ఇన్ని మార్లును ఉదరవితానము బిగియుచు సడలుచు నుండవలెను. మనము నిద్రించినను దానికి విరామము లేదు.

ఇక్కడ గుండెకును ఈ కండకును గల భేదము నొకటి గమనింపవలెను. గుండె స్వతంత్రమైనది. దానిని కొట్టించు శక్తి దానిలోనే యున్నది. మెదడునుండి ఆజ్ఞ రాకపోయినను అది కొంతకాలము కొట్టుకొనుచునే యుండును. ఉదరవితానమున కట్టి స్వాతంత్ర్యము లేదు. మెడకు పైభాగమున, మెదడును వెన్నుపామును కలియు చోట మజ్జాముఖ మను భాగ మున్నది. శ్వాసకు ఆజ్ఞ అక్కడ పుట్టును. ఆ యాజ్ఞ నరము వెంట దిగివచ్చినపుడే ఉదరవితానము బిగియును. ఒక యాజ్ఞ, ఒక శ్వాస. ఆజ్ఞ రానిచో శ్వాస లేదు. ఆ యాజ్ఞను మోసికొనివచ్చు నరమునకు ఫ్రెనిక్ నరమని పేరు. ఇవి రెండు. కుడి నరము వితానము యొక్క కుడి సగమును, ఎడమ నరము ఎడమ సగమును ఆడించును.

ఈ నరము పుట్టుచోటు ఆశ్చర్యకరమైనది. ఉదరవితానము నడుమునకు పైన నున్నది గదా, దాని నరము అక్కడికి సమీపమున వెన్నునుండి పుట్టునని ఎవరైనను ఊహింతురు. కాని అట్లు కాదు. ఇది మెడలో పుట్టుచున్నది. వెన్నుపామునుండి మెడభాగమున వెలువడు నరములలో మూడవ, నాలుగవ, ఐదవ వాని శాఖలు కలిసి ఫ్రెనిక్ నరమగును. అందు నాలుగవ దాని పాలు ఎక్కువ. అక్కడినుండి అది మెడకండ మీదుగా దిగి, జత్రువెముక వెనుకగా ఱొమ్ములో ప్రవేశించి, గుండె ప్రక్కను, గుండెకును ఊపిరితిత్తికిని నడుమనుండి సాగి, తుదకు ఉదరవితానమును చేరును.

ఇంతదూర మేల? దీనికి కారణము తల్లిగర్భములో నున్నది. పిండము నాలుగు వారముల ప్రాయమున నుండగా ఉదరవితానమునకు మూలమైన పొర మెడకు ఎదురుగానే యుండును. అప్పుడే దానికి అక్కడి నరములతో సంబంధ మేర్పడును. పిదప పిండము పెరుగుకొలది ఆ పొర క్రిందికి జరుగును. జరుగుచు తన నరమును వెంట దీసికొనిపోవును. ఆడుబిడ్డ మెట్టినింటికి పోయినను పుట్టినింటి రాకపోకలు మానదు గదా. ఉదరవితానము కాపురము నడుమునకు పైన, పుట్టినిల్లు మెడ.

ఈ పుట్టింటి సంబంధము వలన ఒక వింత కలుగుచుండును. భుజముపై చర్మమునకు స్పర్శజ్ఞానము నిచ్చు నరములును మెడలో ఇంచుమించుగా ఆ చోటనే పుట్టుచున్నవి. అందుచే ఉదరవితానమునకు క్రింద ఏదేని బాధ కలిగి అది రాసికొన్నచో, మెదడు ఆ వార్తను పొరబడి భుజమున నొప్పిగా గ్రహించును. పొలమున ఎద్దు కుమ్మి ఎడమ ప్రక్కటెముకల క్రింద దెబ్బతగిలిన రైతు కొంతసేపటికి "కడుపుకంటె ఎడమభుజము నొప్పిగా నున్నది" అనవచ్చును. భుజమునకు దెబ్బయే తగులలేదే యని ఇంటివారు దానికి తైలము రాచి కూర్చుండరాదు. లోపల ప్లీహము చీలి నెత్తురు కాఱుచు ఉదరవితానమును తాకుచుండవచ్చును. అట్టివానిని వెంటనే శస్త్రచికిత్స గల ఆసుపత్రికి చేర్పవలెను. ఎక్కిళ్ళును ఈ నరముల యాటయే. ఉదరవితానము ఆకస్మికముగా బిగిసి, ఆ వెంటనే కంఠద్వారము మూసికొనుటచే ఆ శబ్దము పుట్టును. ఎవరో తలచుకొనుచున్నారని మనము నవ్వుకొందుము. నవ్వుకొనుటకు అడ్డులేదు. కాని ఎక్కిళ్ళు రెండు దినములు దాటినను ఆగనిచో వైద్యునకు చూపవలెను.

ఇక ముఖ్యవిషయమునకు వచ్చెదను. నరము పుట్టుచోటు మెడ యగుటచే మెడ దెబ్బలలో గొప్ప తారతమ్య మేర్పడుచున్నది. దీనిని క్రీ.శ. 2వ శతాబ్దముననే గేలెన్ అను గ్రీకువైద్యుడు కనిపెట్టెను. అతడు పెర్గమను పట్టణమున, రంగస్థలములలో కత్తులతో పోరాడు యోధులకు వైద్యుడుగా నుండి, గాయముల స్వభావమును చక్కగా ఎఱిగినవాడు. జంతువుల వెన్నుపామును వేఱువేఱు చోట్ల ఖండించి చూడగా, మెడ పైభాగమున ఖండించినపుడు శ్వాస తక్షణమే నిలిచెను. మెడ దిగువభాగమున ఖండించినపుడు కాళ్ళు చేతులు పడిపోయి, ప్రక్కటెముకలు కదలకున్నను ఉదరవితానము మాత్రము ఆడుచుండెను. ఆ యాజ్ఞ పుట్టుచోటు మజ్జాముఖ మని 1812లో ఫ్రాన్సు దేశపు వైద్యుడు లెగల్వా ప్రకటించెను.

ఈ సంగతి మనకేల? తాటిచెట్టునుండి కల్లుగీతవాడు పడుచున్నాడు. గడ్డిబండి మీదినుండి పాలికాపు పడుచున్నాడు. నీరు లోతు లేని బావిలో బాలుడు తలక్రిందుగా దూకుచున్నాడు. అట్టివాని మెడపూస తొలగియుండవచ్చును. మాటాడుచున్నాడు, కన్నులు తెఱచియున్నాడు. కాని కాళ్ళు చేతులు కదలుటలేదు. ఱొమ్ము కదలక, పొట్ట మాత్రము ఎగసిపడుచున్నది. దీని యర్థ మేమి? దెబ్బ ఐదవ నరమునకు దిగువను తగిలినది. ఫ్రెనిక్ నరము నిలిచియున్నది. వాడు ఆ యొక్క త్రాటిమీదనే బ్రతికియున్నాడు. అప్పుడు మనలో దయగలవారు నలుగురు వచ్చి, ఒకడు చంకలు, ఒకడు కాళ్ళు పట్టి లేవనెత్తుదురు. తల వెనుకకు వ్రాలును. మఱియొకడు నీళ్ళు త్రాగించుటకు తల పైకెత్తును. తొలగిన పూస ఇంకను తొలగి వెన్నుపామును నలిపినచో, దెబ్బ పైకి ప్రాకి ఉన్న త్రాడును తెగును. దయతో చేసిన పని ప్రాణమును తీయును.

కావున పడినవానిని పడినచోటనే యుండనిండు. ఒకరు తలయొద్ద కూర్చుండి, రెండు చేతులతో తలను కదలకుండ పట్టుకొనవలెను. నీళ్ళు పోయరాదు, కూర్చుండబెట్టరాదు, మెడ పిసుకరాదు. 108 వాహనమునకు కబురంపవలెను. ఈ వాహనములు 2005లో హైదరాబాదున ప్రారంభమై పిదప గ్రామములకు వ్యాపించినవి. మెడకు కట్టు వేయుట అందలి సిబ్బందికి తెలియును. తప్పనిసరిగ కదల్పవలసినచో తలుపురెక్క వంటి గట్టి బల్లను తెచ్చి, తలయు ఒడలును ఒక్క దూలము వలె ఏకముగా దానిపైకి చేర్చి, తలకు ఇరుప్రక్కల బట్టచుట్టలు పెట్టి కట్టవలెను. దారిపొడవునను పొట్ట ఎగయుచున్నదా లేదా యని చూచుచుండవలెను.

త్రాడు తెగిన పిమ్మట గతి యేమి? తిత్తికి లోపము లేదు, నిప్పు ఇంకను ఆఱలేదు. వేఱొక చేయి తిత్తి నాడించినచో ఏమగును? ఈ ప్రశ్నకు లోకమునకు స్పష్టమైన సమాధానము 1952లో డెన్మార్కు దేశపు ముఖ్యపట్టణమైన కోపెన్‌హేగెనులో లభించెను. ఆ యేట అక్కడ పోలియో వ్యాధి తీవ్రముగా చెలరేగెను. పోలియో విషజీవి వెన్నుపాములో ఫ్రెనిక్ నరమునకు మొదలైన కణములనే చంపును. శ్వాస ఆగిన మొదటి 31 మంది రోగులలో 27 మంది మృతినొందిరి. ఉన్న యంత్రములు చాలలేదు. అప్పుడు బ్యోర్న్ ఇబ్సెన్ అను వైద్యుడు, కంఠమునకు రంధ్రము చేసి గొట్టము నమర్చి, దానికి ఱబ్బరుసంచిని తగిలించి చేతితో నొక్కుచు ఊపిరి పోయుమనెను. ఆగష్టు నెలలో పండ్రెండేండ్ల బాలికకు మొదట ఇట్లు చేయగా ఆమె బ్రతికెను. పిదప సుమారు 1,500 మంది విద్యార్థులు వంతులు వేసికొని, రాత్రింబగళ్ళు, మాసములతరబడి రోగుల ప్రక్కన కూర్చుండి సంచులను నొక్కిరి. మరణముల సంఖ్య సగమునకు లోపల బడిపోయెను. నేటి ఆసుపత్రులలోని వెంటిలేటరు యంత్రము ఆ విద్యార్థుల చేతులకు బదులు వచ్చినదే. ఇక పోలియో మాట. మన దేశమున 2011 తరువాత సహజమైన పోలియో వైరసు వలన ఎవరికిని ఆ వ్యాధి సోకలేదు. 2014లో దేశము పోలియో రహితమని ప్రకటింపబడినది.

పోలియో పోయినను, ఈ త్రాటిని పట్టి నిలుపు శత్రువు మన పొలములలోను ఇండ్లలోను ఇంకను ఉన్నది. అదియే పాము విషము. పరిశోధకుల గణన ప్రకారము 2000 మొదలు 2019 వఱకు మన దేశమున సాలునకు సగటున 58,000 మంది పాముకాటుచే మరణించిరి. రక్తపింజర విషము నెత్తురును చెఱచును. త్రాచుపాము, కట్లపాముల విషము వేఱు. నరము కండను తాకు కొనయొద్ద అది అడ్డుపడును. మజ్జాముఖమున ఆజ్ఞ పుట్టుచునే యున్నది, నరము మోయుచునే యున్నది, ఉదరవితానము సిద్ధముగానే యున్నది; కాని ఆజ్ఞ కండకు చేరదు. గడపదాక వచ్చిన ఉత్తరము ఇంటివాని చేతికి అందనట్లు.

అందును కట్లపాము మిక్కిలి మోసకారి. అది రాత్రులందు నేలపై పరుండినవారిని కఱచును. నొప్పి స్వల్పము, వాపు లేదు, గాటుకూడ కానరాకపోవచ్చును. తెల్లవాఱుజామున కడుపునొప్పి యని లేచును. కొంతసేపటికి కనుఱెప్పలు బరువెక్కి వ్రాలును. మాట ముద్దయగును, మ్రింగుట కష్టమగును, మెడ నిలువదు. చివరకు శ్వాస సన్నగిలును. ఱెప్పలు వ్రాలిన నిద్రమత్తని తలంపరాదు. అది ఉదరవితానమునకు రాబోవు ఆపదకు తొలి సూచన.

ఇప్పుడు చెప్పు మాటను దయతో గుర్తుంచుకొనుడు. అట్టి రోగి కన్ను తెఱవలేడు, పలుకలేడు, వ్రేలు కదల్పలేడు. చూచువారికి శవము వలె తోచును. కాని అతనికి తెలివి యుండవచ్చును. చుట్టును ఏడ్చువారి మాటలు వినుచుండవచ్చును. గుండె కొట్టుకొనుచుండును. అట్టివానిని మృతుడని ఎంచి, ఇక ఆసుపత్రి యేల యని ప్రయాణము మానుకొనుట ఘోరమైన పొరపాటు. శ్వాస లేకున్నచో మెదడు నాలుగైదు నిమిషములకంటె ఎక్కువ ఓర్వజాలదు. కావున మార్గమున శ్వాస ఆగెనేని, వెల్లకిల పరుండబెట్టి, గడ్డమును పైకెత్తి, ముక్కు మూసి, నోటిలో నోరుంచి ఱొమ్ము ఎగయునట్లు ఊదవలెను. నిమిషమునకు పది పండ్రెండు మార్లు చాలును. మెడ దెబ్బ తగిలినవానికి మాత్రము తల వెనుకకు వంచరాదు. దవడను మాత్రమే ముందుకు నెట్టవలెను. ఆసుపత్రిలో విషమునకు విరుగుడు సూది వేయుదురు. కావలసినచో గొట్టము వేసి వెంటిలేటరుతో ఊపిరి పోయుదురు. కట్లపాము విషము నరము కొనలను చెఱచును గనుక అవి మరల మొలచుటకు కొన్ని దినములు, ఒక్కొక్కప్పుడు వారములు పట్టును. అంతవఱకు వేఱొక చేయి తిత్తి నాడించినచో ఆ మనుష్యుడు లేచి తన కాళ్ళతో ఇంటికి నడచి రాగలడు.

మంత్రము వేయువారియందు మన పెద్దలకు గౌరవము కలదు. నేను వారిని నిందింపరాలేదు. కఱచిన ప్రతి పాము విషమును విడువదు. కొన్ని కాట్లు వట్టికాట్లు. అట్టివారు మంత్రమున లేచిరని తోచును. కాని విషమెక్కినవాని ఉదరవితానము మంత్రముచే ఆడదు. గాటును కోయుట, నోట పీల్చుట, బిగించి కట్టుట ఇవియు హానికరములే. కఱచిన యవయవమును కదల్పక, రోగికి ధైర్యము చెప్పుచు, విరుగుడు సూదియు ఊపిరి యంత్రమును గల ఆసుపత్రికి తిన్నగా కొనిపోవుటయే కర్తవ్యము. దారిలో దేవుని తలచుకొనుట కెవరును అడ్డుచెప్పరు. దారి తప్పింపకున్న చాలును.

పెద్దలారా, ఆపద వచ్చినపుడు ఊరు మీ మాట వినును. పడినవానిని లేవనెత్తబోవు యువకులను "ఆగుడు, మెడ జాగ్రత్త" అని మీరు చెప్పినచో ఆగుదురు. పాము కఱచినవాడు కన్ను తెఱవకున్నను "బండి కట్టుడు, వీడింకను బ్రతికియున్నాడు" అని మీరన్నచో కట్టుదురు. శ్వాస ఆగుట యన్నచో ప్రాణము పోవుట యని మనము అనాదిగా ఒకటిగా తలంచుచు వచ్చితిమి. ఆ రెంటికిని నడుమ కొన్ని నిమిషముల యెడమున్నది. తిత్తి చెడలేదు, నిప్పు ఆఱలేదు. త్రాటిని లాగు చేయి మాత్రము ఆగినది. ఆ కొన్ని నిమిషములలో వేఱొక చేతిని అందించుట మనుష్యధర్మము.